ఒక వైపే కాలే దోసె

మారికుప్పం నుంచి బెంగళూరు వెళ్లే రైల్లో ఉన్నాను. బంగారుపేటలో ఒకమ్మాయి ఎక్కి, నా ఎదుట కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. తెర మీద గళ్లు గళ్లుగా నేల, నేలలో ఒక గొట్టం, దాని చుట్టూ ఎరుపూ నీలమూ రంగులు.

"ఏందమ్మా ఇది?" అని అడిగాను.

"మా పట్టుపురుగుల షెడ్డు కోసరమప్పా. పోయిన ఎండాకాలం వేడికి పురుగులన్నీ సచ్చిపోయినాయి. గాలిని భూమిలో పూడ్చిన గొట్టంలో తిప్పి, చల్లబరిచి షెడ్డులోకి ఇడవాల. ఒక గడిలో నుంచి పక్క గడిలోకి వేడి ఎట్ల పాకుతాదో, తవ్వే ముందే లెక్క కట్టి చూస్తా ఉండాను."

"భూమిలో చల్లగా యాడ ఉండాది? మా నాయన కేజీఎఫ్ బంగారు గనిలో బండ మీదనే దోసెలు పోసి, రెండు వైపులా కాల్చినాడు."

నేను అందరికీ కోసే ఈ కోతకు ఆమె నవ్వలేదు. "అది మైలు లోతునప్పా. నాది మనిషి లోతే," అంటూ లెక్క నడిపించింది. లెక్కలో మధ్యాహ్నమయ్యేసరికి గొట్టం చుట్టూ మట్టే వేడెక్కి, షెడ్డులోకి వేడిగాలి వస్తుందని తేలింది. గొట్టం పొడవు పెంచి చూసింది. మళ్లీ ఎరుపే.

నాకు జాలేసింది. "చల్లగా ఉండాదని రాసేయమ్మా. ఇంగ లోపలికి దిగి చూసేదెవురు?"

"పురుగులు చూస్తాయప్పా," అంది.

లెక్కంతా చెరిపేసి, గొట్టాన్ని ఇంకా కిందికి దించి, మొదటి గడి నుంచి మళ్లీ మొదలుపెట్టింది. మాలూరులో నేను దిగేటప్పుడు కూడా తలెత్తలేదు.

దోసె కథ ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను. కాకపోతే ఈ మధ్య నా కథలో మా నాయన దోసె ఒక వైపే కాలుతోంది.