చదువుకోవడానికి వచ్చినవాళ్ళ పేర్లు

జనగామలో స్టేషను నుంచి బజారుకు పోయే దారిలో ఒక వకీలు గారు తన ఇంటి ముందుగదులు రెండింటిని గ్రంథాలయం చేశారు. కథలూ పురాణాలూ అందులో ఉండేవి కావు. అన్నీ భూమికి సంబంధించినవే. కౌలు చట్టాలు, సర్కారు గెజిట్లు, ఊరూరి సర్వే కాగితాల నకళ్ళు. చాలావరకు ఉర్దూలో ఉండేవి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఉర్దూ రానివాళ్ళకు చదివి చెప్పడం నా పని. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు, పెళ్ళయి ఏడాది. అందరూ నన్ను మున్షీ అని పిలిచేవారు.

వచ్చిన ప్రతి మనిషి పేరు, ఊరు, ఏ కాగితం అడిగాడో రిజిస్టరులో రాయమని వకీలు గారు చెప్పారు. "ఎవలకు ఏం కావాల్నో ఎరుకైతేనే గదా, రేపు ఏం తెప్పియ్యాల్నో తెలిసేది" అనేవారు. నా దస్తూరీ బాగుంటుందని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. తొందరున్నవాళ్ళను కూడా ఆపి మరీ రాసుకునేవాణ్ణి.

ఊళ్ళల్లో దొరలను ఎదిరించే రైతుల సంఘం బలపడుతున్న రోజులవి. జఫర్‌గఢ్ వైపు నుంచి రైతులు నడిచి వచ్చేవారు. దొర కలుపుకున్న చెలక భూమి తమ తాత పేరున ఉందో లేదో చూడమనేవారు. నేను వేలు పెట్టి చదువుతుంటే, ఒక్క అక్షరం రాకపోయినా కాగితం మీదికి వంగి చూసేవారు. ఒకాయన తన తండ్రి పేరు దొరికితే దాన్ని ముట్టుకోవచ్చా అని అడిగాడు.

మానుకోట దగ్గరి తండా నుంచి ఒక లంబాడీ ముసలాయన కేసముద్రంలో రైలెక్కి వచ్చేవాడు. అడవి అంచున ఆయన తండ్రి నరికి సాగుచేసిన నాలుగెకరాలు తనవేనని పటేలు అంటున్నాడు. ఆ ఊరి సర్వే నకలు మా దగ్గర సగమే ఉంది. మిగతాది వరంగల్లు నుంచి తెప్పిస్తామని చెప్పాం. అది వచ్చిందేమోనని ఆయన నెలకోసారి వచ్చేవాడు.

"వచ్చిందా మున్షీ సాబ్?"

"ఇంక రాలె తాతా."

"గట్లనా. మల్లొస్త తియ్."

కాసేపు అరుగు మీద కూర్చుని, నీళ్ళు తాగి వెళ్ళిపోయేవాడు. అలా ఏడుసార్లు వచ్చాడు. ఏడుసార్లూ రిజిస్టరులో రాశాను.

ఆ తర్వాత ఇండియా మిలిటరీ వచ్చింది, నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ విరగడైందని బజారులో బెల్లం పంచారు. కానీ వచ్చిన మిలిటరీ వెనక్కి పోలేదు. సంఘం వాళ్ళ కోసం ఊళ్ళ మీద పడింది. దగ్గరి పల్లెలో ఒక పఠన మందిరాన్ని తగలబెట్టారని విన్నాం. వకీలు గారు కోర్టు పని మీద హైదరాబాదులో ఉన్నారు. ఒకరోజు పొద్దున పది గంటల వేళ మా గుమ్మం ముందు జీపు ఆగింది.

దిగిన అధికారి మర్యాదగానే మాట్లాడాడు. బీరువాలు చూశాడు. ఒక గెజిటు తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు. ఇక్కడికి ఎలాంటివాళ్ళు వస్తుంటారని ఉర్దూలో అడిగాడు. అంతే అడిగాడు. నా కళ్ళ ముందు పుస్తకాలు కాలిపోతున్నట్టే ఉంది. అంతా సక్రమంగా ఉందని చూపిస్తే వీటి జోలికి రాడనుకున్నాను. సొరుగు లాగి రిజిస్టరు నేనే తీసి ఆయన చేతికిచ్చాను.

నాలుగు పేజీలు తిప్పి, "చాలా బాగా రాస్తావు" అన్నాడు. దాన్ని చంకన పెట్టుకుని జీపెక్కాడు. ఒక్క పుస్తకం కూడా ముట్టుకోలేదు.

పక్షం తిరగకముందే జఫర్‌గఢ్ వైపు మనుషులను పట్టుకుపోతున్నారని తెలిసింది. పేర్లు వింటుంటే నాకు రిజిస్టరులో వాటి పక్కన రాసిన ఊళ్ళు కూడా గుర్తొచ్చేవి. నాకు అన్నం సహించేది కాదు. నా భార్య జ్వరమేమోనని నుదురు పట్టి చూసేది.

ఒకనాడు మధ్యాహ్నం ఆ తండా ముసలాయన బిడ్డ వచ్చింది. రైలు దిగి నేరుగా వచ్చినట్టుంది, కాళ్ళనిండా దుమ్ము.

"మా బాపును తోల్కపోయిండ్రు" అంది. "ఏడుసార్లు జనగామకు ఎందుకు పోయినవు, ఎవలకు కబురు మోసినవు అని కొడుతున్నరట. ఏడుసార్లని వాళ్ళకెట్ల ఎరుక?"

"నేను రాసిపెట్టిన అక్కా. గా రిజిస్టరు చూసే అడుగుతుండ్రు కావచ్చు."

"అయితే నువ్వే వచ్చి చెప్పు. కాగితం కోసమే వచ్చిండని చెప్పు."

తర్వాతి రైలుకు ఆమెతో బయలుదేరాను. కేసముద్రంలో దిగి నడిచాం. ఒక మూతపడ్డ మిల్లులో మిలిటరీ క్యాంపు పెట్టారు. లోపలికి నన్ను ఒక్కణ్ణే రానిచ్చారు. అక్కడి అధికారి వేరే మనిషి. ఒకే కాగితం కోసం ఎవడైనా ఏడుసార్లు వస్తాడా అన్నాడు. ఆ కాగితం మా దగ్గర లేదు, అందుకే వచ్చాడని చెప్పాను. ఆయన నవ్వి, నన్ను కూడా కూర్చోబెట్టమన్నాడు.

రెండు రోజులు గోడవారన కూర్చోబెట్టారు. చెంపల మీద కొట్టారు గానీ అంతకంటే ఏమీ చేయలేదు. అవతలి గది నుంచి అరుపులు వినిపించేవి. వాటిలో ముసలాయన గొంతు ఏదో నాకు తెలియలేదు. మూడోనాడు వదిలారు. బయటికి వచ్చేసరికి తండావాళ్ళు బండి మీద ఆయనను పడుకోబెట్టి దుప్పటి కప్పుతున్నారు. ముందురోజే ప్రాణం పోయిందట.

ఆమె నా దగ్గరికి వచ్చింది. "చెప్పినవా?"

"చెప్పిన."

"ఇన్నరా?"

"ఇనలె అక్కా."

తలూపి బండి వెనక నడిచింది.

వకీలు గారు తిరిగి వచ్చాక జరిగినదంతా చెప్పాను. "రాయమన్నది నేనే గదా" అన్నారు. నన్ను ఓదార్చడానికే అన్నారు. కానీ సొరుగు లాగింది నేను. తర్వాత రెండేళ్ళు పేర్లు రాయకుండా తలుపులు తెరిచి ఉంచాం. ఒక్క రైతు కూడా లోపలికి రాలేదు. కొందరు మా గుమ్మం ముందుకు రాగానే రోడ్డు అవతలి పక్కకు మారి నడిచేవారు.

నేను రేగొండ వైపు బడిపంతులుగా వెళ్ళిపోయాను. ఒకసారి కేసముద్రం స్టేషనులో ఆ ముసలాయన బిడ్డ కనిపించింది. తల మీద మక్కజొన్నల మూట. "మంచిగున్నవా అన్నా" అని తనే పలకరించింది. నేనే రిజిస్టరు తీసి చేతికిచ్చానని ఆమెకు తెలియదు, వాళ్ళే గుంజుకున్నారని అనుకుని ఉంటుంది. అప్పుడైనా చెబుదామనుకున్నాను. పిల్లలెంతమందని అడిగాను. ఇద్దరని చెప్పింది. ఇంతలో రైలొచ్చింది.