మా పాటేనని చెప్పాను

2008లో న్యూజెర్సీలోని పిస్కాటవేలో ఎమ్మెస్ చదువుతూ ఒకసారి బస్సులో బోస్టన్ బయల్దేరాను. డ్రైవర్ రేడియోలో పాత ఇంగ్లిష్ పాట ఒకటి మొదలైంది. పల్లవి వినగానే ఉలిక్కిపడ్డాను. మా స్కూల్ యానివర్సరీలో నేను డాన్స్ చేసిన తెలుగు సినిమా పాట బాణీ అది.

పక్క సీట్లో అరవైకి దగ్గరపడ్డ అమెరికన్ ఆవిడ ఆ పాటకి పెదవులు కదుపుతోంది. నేను ఊరుకోవచ్చుగా! "ఇది మా తెలుగు పాట. మీవాళ్ళు కాపీ కొట్టారు," అన్నాను.

ఆవిడ ముఖం చిన్నబోయింది. "ఇందులో కోరస్ నాదే. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. చిన్నపిల్లల కోసం చేసిన బబుల్‌గమ్ పాట. స్టూడియోలో కాగితం చేతికిచ్చారు, పాడేశాం. రికార్డు అట్ట మీద ఎవరో అందమైన కుర్రాళ్ళ ఫొటో వేశారు. ఆ ట్యూన్ మీవాళ్ళదని మాకెవరూ చెప్పలేదు. సారీ. మీ పాట ఒకసారి పాడతారా?"

దర్జాగా పాడాను. ఆవిడ తన కోరస్‌ని మెల్లగా వెనకాల కలిపింది. దిగేటప్పుడు మళ్ళీ సారీ చెప్పింది.

తిరిగొచ్చాక రూమ్మేట్ శ్రీనుతో ఈ సంగతి చెప్పాను. వాడు నెట్‌లో వెతికి పగలబడి నవ్వాడు. "అరేయ్, అది మన సినిమా కంటే ఇరవై ఏళ్ళ ముందొచ్చింది. మనోళ్ళే లేపేశార్రా!"

నాకు నవ్వు రాలేదు. బస్సులో అంతసేపు గొప్పలు పోయానేగానీ, ఆవిడ పేరు అడగలేదు. ఆ సారీ తిరిగి ఇచ్చేద్దామని రికార్డు అట్ట ఫొటో సంపాదించి, ముందూ వెనకా చూశాను. దాని మీద ఆ కుర్రాళ్ళ పేర్లే ఉన్నాయి.