ఉపవాస కూటంలో డిఫరెన్షియల్ ఈక్వేషన్

కంఠతా పడితే రానిదంటూ లోకంలో ఏదీ ఉండదని కాలేజీలో చేరే వయసులో నాకు గట్టి నమ్మకం. కారణం లేకపోలేదు. పెద్దారవీడు దగ్గర మా పల్లె సండే స్కూల్లో బైబిలు వాక్యాలు అప్పజెప్పే పోటీ ఏటా నాదే. (బహుమతిగా వచ్చిన స్టీలు గిన్నెల్లోనే మా ఇంట్లో ఇప్పటికీ పప్పు ఉడుకుతుంది.) మార్కాపురంలో బీఎస్సీ చేరీ చేరగానే డిఫరెన్షియల్ ఈక్వేషన్లు ఎదురయ్యాయి. వాటినీ కీర్తనల్లాగే బస్సులో కళ్లు మూసుకుని వల్లించాను. ఏ లెక్క అడిగినా మొదటి గుర్తు నుంచి చివరి గుర్తు దాకా తడబడకుండా చెప్పేదాన్ని. తీరా పరీక్షలో ఆ లెక్కలు రాలేదు, వాటి అన్నదమ్ములు వచ్చాయి. నేను మాత్రం నాకు వచ్చినవే రాసి, ధీమాగా బయటికొచ్చాను. ఫెయిల్. మళ్లీ రాసినా అంతే.

"ఈసారి గూడా పోతే చాలిద్దాంలేమ్మా. నాతో మిరపకాయలు కోయను వద్దువుగాని" అంది అమ్మ. కోపంగా అనలేదు. అందుకే నాకు భయమేసింది.

ఆ శుక్రవారం చర్చిలో ఉపవాస కూటంలో ఒకరి మోకాళ్ల నొప్పికీ, ఇంకొకరి బర్రె ఈనడానికీ ప్రార్థనలు అయ్యాక, అమ్మ లేచి నా పరీక్ష కోసం ప్రార్థించమని అడిగింది. మా పాస్టరు గారు దేన్నీ పైపైన వదిలే మనిషి కాదు. "అదేందో తెలియకుండా దేవుణ్ణి ఎట్ల అడగాల? నువ్వే చెప్పమ్మా" అన్నారు. లేచి, అలవాటు కొద్దీ, నిర్వచనం ఇంగ్లిషులో అప్పజెప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు. "మాకు అర్థమయ్యేటట్ల చెప్పు పాపా" అంది ముందు కూర్చున్న మా పెద్దమ్మ. నా దగ్గర మాటలు తప్ప ఏమీ లేదని అందరి ముందే తెలిసొచ్చింది. తడుముకుంటూ, "ఒకటి ఎట్ల మారతా ఉందో చెప్తారు పెద్దమ్మా. అది ఏందో మాత్రం చెప్పరు. మనం కనుక్కోవాల" అన్నాను. ఆ మాట నేనూ అప్పుడే మొదటిసారి విన్నాను.

"తెలిసీ దాచిపెట్టేది ఎందుకంట?" అని పెద్దమ్మ ప్రశ్నపత్రం రాసినవాళ్ల మీద నిజంగానే కోపం తెచ్చుకుంది. పాస్టరు గారు కళ్లు మూసుకున్నారు. "తండ్రీ, మారేది కనపడతా ఉంది, అసలుది కనపడట్లేదు. ఈ బిడ్డకి చూపించు." అందరూ ఆమెన్ అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆ తర్వాత వల్లించడం మానేశాను. ప్రతి లెక్కకూ ముందు ఏది మారుతోంది, ఏది తెలియదు అని పెద్దమ్మకు చెప్పినట్టు చెప్పుకునేదాన్ని. బోలెడు తప్పులు చేసి, మెల్లగా నేర్చుకుని, బొటాబొటి మార్కులతో గట్టెక్కాను.

ఇప్పుడు గిద్దలూరులో ఒక కాలేజీలో ఆ పాఠమే చెబుతున్నాను. మొన్న ఊరికి వెళ్తే అమ్మ ప్రార్థనలో ఉంది. అన్నయ్య పేరు, నా పేరు, ఆ వెంటనే డిఫరెన్షియల్ ఈక్వేషన్!

"అది పాసై ఎన్నేళ్లయిందమ్మా!" అన్నాను.

అమ్మ కళ్లు తెరవలేదు. "నీకు గాదులే. ఇప్పుడు ఎవురి బిడ్డకో రాకుండా ఉంటాది గదా."

ఆ బిడ్డలు నా క్లాసులోనే ఉన్నారు. ఇంగ్లిషులో నిర్వచనం అప్పజెప్పిన ఆనాటి పిల్లను తలుచుకుని నవ్వుకుంటూ, అమ్మ పక్కన మోకరించి ఆమెన్ అన్నాను.