రంగూన్ ఉయ్యాలకు నాలుగు బెజ్జాలు

1955 మే 12, గురువారం. హాజరైనవారు: మా ఆఫీసరు, మామ, అత్త, నేను, టేకు ఉయ్యాల ఒకటి. (ఉయ్యాలను హాజరులో చేర్చింది నేనే. ఇరవై మూడేళ్ల వయసులో నా పద్ధతి అలా ఉండేది.)

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో మా వ్యవసాయశాఖ ఆఫీసు డేరాలో నడిచేది. ఎండకు కాగితాలు అప్పడాల్లా విరిగేవి. విదేశీ కొయ్య సామానుతో పురుగు మన అడవుల్లోకి రాకుండా చూడాలన్న ఉత్తర్వు ఒకటి నా దగ్గరుండేది. సామాను మీద రేవులో మందు పొగ పట్టించిన ముద్ర ఉండాలి. ముద్ర లేక, బెజ్జాలుంటే తగలబెట్టాలి. కర్నూలుకు విదేశీ కొయ్య ఎవరు తెస్తారు? ఏడాదిన్నర ఆ ఉత్తర్వు దుమ్ము దులుపుతూ కూర్చున్నాను. చివరికి మా మేనమామే దొరికాడు. రంగూన్‌లో ఇరవై ఏళ్లు బతికి, కూతురి కాన్పుకని ఆమె పెరిగిన ఉయ్యాలనే ఓడలో తెచ్చుకున్నాడు. భోజనానికి పిలిస్తే వెళ్లి, తిని, చెయ్యి కడుక్కుని, ఉయ్యాల అంచుకున్న నాలుగు బెజ్జాలు లెక్కపెట్టి వచ్చి, మర్నాడు నోటీసిచ్చాను.

"ముద్ర యాడ అత్తా?" అన్నాను, ఉయ్యాలతో సహా డేరాకు వచ్చిన అత్తతో.

"నల్లగా గలీజుగా ఉంటే బూడిదేసి తోమి, పసుపు పూసినా నాయనా. బిడ్డ పండుకునేది గదా! అంతకంటే శుద్ధి ఏముండాది?"

"మరి ఈ బెజ్జాలు?"

"పురుగువి కాదప్పా," అన్నాడు మామ. "కొయ్య చిలకలు బిగించేవి. ఓడలో ఇరుగుతాయని ఊడదీసినాం. మూటల్లో యాడో ఉండాయి. రేపు పొద్దునకు ఎతికి తెస్తా, ఆగు అల్లుడూ."

ఆఫీసరు కూడా మెత్తబడి, "ఆగుదామా?" అన్నాడు.

"ఉత్తర్వులో ఆగమని లేదు సార్," అన్నాను.

డేరా వెనక నేనే అంటించాను. టేకు మొండిది, త్వరగా అంటుకోలేదు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ మాత్రం, "బాగా కాలనీలేవే. సగం కాల్తే మళ్లా నోటీసిస్తాడు," అన్నాడు. ఆ రోజు డైరీలో "విధి నిర్వహించబడినది" అని రాసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మామ వచ్చి నాలుగు కొయ్య చిలకలు నా బల్ల మీద పెట్టాడు. ఒకదాని తోక మీద పాలపళ్ల గాట్లున్నాయి. "ఇవీ రంగూన్ కొయ్యే. ముద్ర లేదు. కాల్చు." నేను ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ఆయన చూపు ఆఫీసరు కుర్చీ కిందికి పోయింది. అక్కడ కాలి బెజ్జాల్లోంచి జొన్నపిండిలా తెల్లటి పొడి రాలి ఉంది. బంట్రోతు రోజూ ఊడ్చేదే.

"ఆ కుర్చీ ఏ దేశందప్పా?" అని, జవాబు కోసం చూడకుండా వెళ్లిపోయాడు.

ఆనాటి పేజీలో ఒక్క వరుసే ఉంది: "చిలకలు నాలుగు. పురుగు లేదు." ఆ గుండ్రటి అక్షరాలు చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. రాసినవాణ్ణి పలకరించాలని మాత్రం అనిపించదు.