ఐసు దొరికే ఊళ్ళు

వ్యానులో మూడు దేశాలు తిరిగొద్దామని మా ఆయన అన్నప్పుడు నాకు సంతోషం కలగలేదు. నడుంనొప్పి గుర్తొచ్చింది. ఏలూరులో తివాచీ మగ్గం ముందు ముప్పై ఏళ్ళు కూర్చుని ముడులు వేసిన నడుం నాది. ఆయన అంతకాలమూ ఆకివీడు నుంచి చేపల లారీ తోలారు. సిలిగురి, గౌహతి, ఒక్కోసారి భూటాన్ సరిహద్దు దాకా. పెళ్ళైన కొత్తలో "నేను తిరిగే దారంతా ఒకసారి నీకు చూపిస్తాను" అన్నారు. ఆ మాట మర్చిపోయినట్టు నటించాను గానీ, ఒక్కరోజూ మర్చిపోలేదు. అడిగినప్పుడల్లా లోడుంది అనేవారు. ఎప్పుడూ ఏదో ఒక లోడు ఉండేది.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టించిన మరుసటి ఏడాది లోడ్లు తగ్గిపోయాయి. యజమాని లారీ అమ్ముకున్నాడు. ఈయన ఇంట్లో కూర్చున్నారు. ఇంట్లో కూర్చోవడం ఆయనకు చేతకాని పని. నెల తిరక్కుండానే తాడేపల్లిగూడెం వెళ్ళి, ఒక ఉల్లిపాయల వ్యాపారి వాడి వదిలేసిన మారుతీ వ్యాను కొనుక్కొచ్చారు. కడిగాం, ఎండబెట్టాం, సాంబ్రాణి వేశాం. ఉల్లి వాసన మాత్రం దిగలేదు.

"ఇందులోనే నేపాల్, అక్కణ్ణించి భూటాన్, వచ్చేటప్పుడు బంగ్లాదేశ్" అన్నారు, వ్యాను తలుపు మీద తట్టి.

"ఉల్లిపాయలకి కూడా వీసా కావాలేమోనండీ" అన్నాను.

నేపాల్‌కీ భూటాన్‌కీ మనకు పాస్‌పోర్టు అక్కర్లేదట. బంగ్లాదేశ్‌కి కావాలి. వ్యానుకైతే మళ్ళీ వెనక్కి తెస్తామని హామీ కాగితాలు వేరే. ఆఫీసుల చుట్టూ తిరిగే పని నా మీద పడింది, ఎందుకంటే ఆయన లైనులో పది నిమిషాలు నిలబడలేరు. నా పుట్టినరోజుకు ఆధారమేమీ లేదు. తుఫానుకు ముందు వారం పుట్టానని మా అమ్మ చెప్పేది. దానికి నోటరీ కావాలన్నారు. ఫోటోలో చెవులు కనపడలేదని ఒకసారి, సంతకం గీత దాటిందని ఇంకోసారి తిప్పి పంపారు. ఎంక్వైరీకి వచ్చిన కానిస్టేబుల్ మా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఈ వయసులో ఆ దేశం ఎందుకండీ? చుట్టాలున్నారా?"

"లేరండీ. ఊరికే చూడ్డానికి."

"చూడ్డానికి అక్కడేముందండీ?"

నాకూ తెలియదు. టీ ఇచ్చి పంపించాను. వేసవంతా ఇలాగే గడిచింది. బయల్దేరకుండానే ప్రయాణం చేసి వచ్చినంత అలసిపోయాను.

తివాచీ డిజైను గీసుకునే గళ్ళ కాగితం మా ఇంట్లో దండిగా ఉండేది. ఒక గడి అంటే ఒక ముడి. ఆయన అలాంటివి ఎనిమిది అతికించి, నేల మీద పరుచుకుని దారి గీశారు. గడి అంటే గంట ప్రయాణం. బండి ఆపే చోటల్లా ఎర్ర చుక్క పెట్టారు. గీత ఏలూరు దగ్గర మొదలై, పైకెళ్ళి, ఖాట్మండు తిరిగి, ఢాకా మీదుగా కిందకి దిగింది. మొదటిసారి నాకు కాస్త హుషారు పుట్టింది. పక్కనే కూర్చుని చుక్కలు చూశాను. గళ్ళ కాగితం చదవడం నా వృత్తి కదా, వెంటనే తెలిసిపోయింది. చుక్కలన్నీ సమానమైన దూరంలో ఉన్నాయి. పేరున్న ఊరు ఒక్కటీ లేదు.

"ఇచ్ఛాపురంలో ఏముందండీ?"

"ఐసు దొరుకుద్ది" అన్నారు, తలెత్తకుండా.

"మరి మాల్డాలో?"

"అక్కడా దొరుకుద్ది. నేపాల్లో ఎక్కడ దొరుకుద్దో తెలీక, మా డ్రైవర్లకి ఫోన్ చేసి కనుక్కున్నాను."

అప్పుడు తలెత్తారు. తానేం చేశారో ఆయనకే అర్థమైంది. చేపల లారీ దారిలో ఆగేది కరిగిన ఐసు మళ్ళీ వేయించుకోవడానికే. మూడు దేశాల దారినీ ఆ లెక్కనే గీసేశారు.

"మనం చేపలం కాదండీ" అన్నాను. నవ్వొచ్చింది, వెనకాలే కోపం కూడా వచ్చింది. "ఇందులో నేను దిగేదెక్కడండీ?"

ఆయన కాగితం మీద సిలిగురి దగ్గర వేలు పెట్టారు. "సిలిగురి నుంచి మంచుకొండలు కనపడతాయంటారు. నేను చూళ్ళేదు. లోడు దింపగానే బండి కింద పడి నిద్రపోయేవాణ్ణి" అన్నారు.

నేను మగ్గం ముందు ముడులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నన్నాళ్ళూ, ఈయన లోకమంతా చూస్తున్నారని కుళ్ళుకున్నాను. ఈయన చూసింది తారురోడ్డు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో నాకు తెలియలేదు.

"అయితే ముందు ఆగడం నేర్చుకోండి" అన్నాను.

మర్నాడు పొద్దున పెరుగన్నం డబ్బాతో కైకలూరు రోడ్డున కొల్లేరు వైపు బయల్దేరాం. ఆ దారిన ఆయన ఎన్ని వేలసార్లు వెళ్ళారో. ఆపండి అన్నప్పుడల్లా "కొంచెం ముందుకెళ్ళాక" అన్నారు. మూడోసారి స్టీరింగు మీద చెయ్యి వేశాను. అప్పుడు ఆగింది.

గట్టు మీద కూర్చున్నాం. ఐదు నిమిషాలకు ఆయన వాచీ చూసుకున్నారు.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యక్కర్లేదండీ. కూర్చోండి."

ఎడమపక్క నీళ్ళలో గూడబాతులు గుంపుగా దిగాయి. అవిగో చూడండి అన్నాను. ఏవీ అన్నారు. ఆటపట్టిస్తున్నారనుకున్నాను. భుజాలతో సహా అటు తిరిగితే గాని ఆయనకు అవి కనపడలేదు. కాసేపటికి కుడివైపు నుంచి ఒక గేదె మూరెడు దూరంలోకి వచ్చింది. దాని ఊపిరి తగిలాక ఉలిక్కిపడ్డారు. తిరిగొచ్చేటప్పుడు నేను రోడ్డు చూస్తూ, పక్కన సైకిలు వచ్చినా, మనిషి వచ్చినా పైకి చెప్తూ కూర్చున్నాను. చెప్పినప్పుడల్లా ఆయన వేగం తగ్గించారు.

ఏలూరులో కళ్ళ డాక్టరు చూసి, నీటికాసుల జబ్బు అన్నాడు. "పక్కచూపు చాలావరకు పోయిందండీ. ఎదురుగా ఉన్నదే కనపడుతుంది. ఉన్న చూపు నిలబెడదాం, పోయింది తేలేం. బండి మాత్రం ఇక ముట్టుకోకండి."

"నేపాల్ దాకా అయినా?" అన్నారు మా ఆయన.

డాక్టరుకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. వసారాలోకి వచ్చి, గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

పాస్‌పోర్టులు ఆ తర్వాత వారం పోస్టులో వచ్చాయి. సంతకం పెట్టి తీసుకుని, బీరువాలో చీరల కింద పెట్టాను. వ్యాను గణపవరంలో ఎవరో కొనుక్కున్నారు. ఇంట్లో ఆ ప్రయాణం ఊసు ఎవరమూ ఎత్తలేదు. సన్న అక్షరాలు ఆయనకు అందడం లేదని లావు ములికి ఉన్న నల్ల స్కెచ్ పెన్ను ఒకటి కొనిచ్చాను. కంట్లో మందు చుక్కలు వేసుకోగానే గోడ క్యాలెండరు మీద టిక్కు పెడతారని.

వర్షాలు మొదలయ్యాక ఒకరోజు, చెమ్మ తగులుతుందని మంచం కింద సామానంతా బయటికి లాగాను. గళ్ళ కాగితం చుట్ట బయటపడింది. పారేద్దామనే విప్పాను. ఎర్ర చుక్కలన్నిటి మీదా నల్లగా కొట్టివేతలు. ఏలూరు పక్కన కొత్తగా ఒక చుక్క, "కొల్లేరు గట్టు, దిగాం" అని. అక్కణ్ణించి ఇచ్ఛాపురం తర్వాత సముద్రం ఒడ్డున ఎక్కడో ఒకటి, సిలిగురిలో ఒకటి, ఖాట్మండులో రెండు, భూటాన్ కొండ మీద ఒకటి, ఢాకాలో నది పక్కన ఒకటి. వాటన్నిటి పక్కనా ఒకే మాట: "ఇక్కడ ఆవిడ దిగుద్ది, గంట." అక్షరాలు గళ్ళు దాటిపోయి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అన్నీ ఆ లావు పెన్నుతో రాసినవే.

ఇక వెళ్ళేది లేదని తెలిశాక కూర్చుని రాశారన్నమాట.

కాసేపు అక్కడే నేల మీద ఏడ్చాను. తర్వాత కాగితం తీసుకుని వసారాలోకి వెళ్ళి, ఆయనకు సరిగ్గా ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చున్నాను.

"సిలిగురిలో గంట చాలదండీ" అన్నాను.