రేపటి బండి

"అన్న పోయినాడు పెద్దమ్మా" అన్నాడు పక్కింటి పిల్లోడు గుమ్మంలో నిలబడి. నేను చేటలో రొయ్యపొట్టు చెరుగుతా ఉన్నాను. పరీక్షల రోజులు గదా. తలెత్తకుండానే, "మళ్ళీ ఇంగ్లీషులోనేనా? పోతే పోయినాడులే నాయనా, సెప్టెంబర్లో రాస్తాడు" అన్నాను.

వాడు గుమ్మం పట్టుకొని ఏడిస్తే గానీ నాకు తెలవలేదు, పోయింది పరీక్ష కాదని.

మా పెద్దోడి గురించి నాలుగు మాటలు రాయమని వాడితో చదివిన పిల్లలు అడిగినారు. నేను నాలుగో క్లాసుతో ఆగిపోయినదాన్ని. రాత వంకరగా ఉంటాది, మీరే సర్దుకొని చదువుకోండి.

ముత్తుకూరు అవతల సముద్రం ఒడ్డున మా ఊరు. వేటకి పోయే ఇళ్ళల్లో నుంచి తిరుపతి యూనివర్సిటీకి పోయిన మొదటోడు మావోడే. చేరిన మొదటేడే ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని తిరిగొచ్చినాడు. ఇంగ్లీషు పోయింది. "ఇంక పోనమ్మా. పాఠం చెప్పే ఆయన ఇంగ్లీషులో చెప్పుకుంటా పోతాడు. అందురూ తలూపుతారు, నేనూ ఊపినాను. ఏడాదంతా ఊపితే మెడనొప్పి వచ్చింది గానీ చదువు రాలేదు" అన్నాడు.

వాళ్ళ నాయన నవ్వి, "అయితే రేపు వలకాడికి రా. చేపలకి తెలుగొచ్చు" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. "పోయింది పరీక్ష. నువ్వుండావు గదా, మళ్ళీ రాయి" అన్నాను. ఎండు చేపలు మూట కట్టిచ్చి బస్సెక్కించినాను.

ఆ తర్వాత సంగతులన్నీ పిల్లలు చెప్తే విన్నవే. ఏం చెప్పినా తలూపే పిల్లోణ్ణి మావోడు భోజనాల కాడే కనిపెట్టేవాడంట. సాయంత్రం పిలిచి, "ఏందిరా అబ్బయ్యా, మెడ నొప్పిగా ఉందా?" అని అడిగి, పొద్దున వాడికి ఎక్కని పాఠమంతా తెలుగులో చెప్పేవాడంట. ఎవుడన్నా ఇంటికి పోతానని పెట్టె సర్దుకుంటే, వద్దని అనేవాడు కాదు. ఆ పెట్టె మీదనే కూర్చొని, "రేపటి బండికి పోరా. ఈ పూటకి నాతో అన్నం తిను" అనేవాడు. నేను పంపిన చేపలు హాస్టలు వెనక కాలిస్తే, వాసనకి వంటాయన గరిటె ఎత్తుకొని వచ్చేవాడంట. ఆయనకీ ఒక ముక్క పెట్టి పక్కన కూర్చోబెట్టుకునేవాడంట. మర్నాడు మళ్ళీ అదే మాట, రేపటి బండికి పోరా అని. మావోడి వెనకే అక్కడ చేరిన పక్కింటి పిల్లోడు గూడా అట్ట రేపటి బండి కోసం చూస్తా చూస్తానే మొదటేడు పాసైనాడు.

ఈ ఏడు పరీక్షలప్పుడు మావోడికి పచ్చకామెర్లు. కళ్ళు పసుపు ముద్దల మాదిరి అయిపోయినాయంట. "ఇంటికి పో అన్నా, అమ్మ మందు పోయిస్తాది" అని పిల్లలంటే, "నా పరీక్షలు అయిపోయినాయి, మీవి కానీండిరా. రేపటి బండికి పోతాలే" అన్నాడంట. మర్నాడూ అదే మాట. మిమ్మల్నందర్నీ ఆపిన మాటే వాణ్ణి గూడా ఆపేసింది. ఒక్కరన్నా వాడి పెట్టె సర్ది, రెక్క పట్టుకొని బండెక్కించకూడదా నాయనా? తిట్టడం లేదు. మీరూ పిల్లలే. చివరికి బండెక్కకుండానే వచ్చినాడు నా కొడుకు, వ్యాన్లో పడుకోబెట్టి తెచ్చినారు.

వాడి వల్ల ఎందరో నిలబడినారని మీరందురూ చెప్తున్నారు. వింటున్నాను. వినేసి లోపలికి పోతే ఇల్లు ఇల్లుగానే ఉంటాది. నువ్వుండావు గదా అని ఇప్పుడు ఎవురితో అనేది?

పక్కింటి పిల్లోడు మళ్ళీ పోలేదు. మిగిలిన పరీక్షలు గూడా వదిలేసి పడవెక్కినాడు. పొమ్మంటే, "అన్న లేని ఆ గదిలోకి నన్నెట్ట పొమ్మంటావు పెద్దమ్మా?" అన్నాడు. అయినా పొద్దున్నే మా గుమ్మం ముందర పోతా ఉంటే పిలుస్తాను, "రేపటి బండికి పో నాయనా" అని.

వాడు తలూపుతాడు. ఆ ఊపు ఏందో నాకు తెలుసు. ఊపేసి ఇసకలో దిగి పోతాడు. ఒంటి మీద కాలేజీకని కుట్టించుకున్న నీలం చొక్కానే. వీపంతా తెల్లగా ఉప్పు చారలు కట్టి ఉంటాది.