చెరుకును గుట్ట అనుకున్న మ్యాపు

సర్వే సారు పోయారని మొన్న పొద్దున బోధన్ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. కాసేపటికే ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మా అధికారి దండాలు పెట్టి, "వారి అనుభవం మాకు తీరని లోటు" అని రాశాడు. ఒళ్లు మండింది నాకు. ఆ అనుభవాన్ని రెండు నెలల కింద గుమ్మంలోంచే పంపేసింది ఈయనే.

నేను నిజామాబాద్‌లో కంప్యూటర్ మీద మ్యాపులు గీస్తాను. ఎత్తుల కొలతలిచ్చి నొక్కితే చాలు, సాఫ్ట్‌వేర్ కాంటూరు గీతలు గీసి పడేస్తుంది. అవంటే ఏమిటో నా బుర్రకెక్కించింది మాత్రం రిటైరైన ఈ సర్వేయరే. "మడిల నీళ్లు వెడితే అంచు పొంటి గీత వడ్తది సూడు బిడ్డా, గదే కాంటూరు. ఆ గీత మీద ఎత్తు అంతట ఒక్కతీరుంటది," అనేవారు. టిఫిన్ డబ్బాతో బస్సులో వచ్చి నా పక్కన కూర్చునేవారు. మౌస్ ముట్టేవారు కాదు, కళ్లజోడు మడిచి దాని కొసతో తెర మీద చూపించేవారు.

మోస్రా దారిలో చెరుకు కోత కూలీల కాలనీ ఒకటుంది. వానొస్తే ఇళ్లలోకి నీళ్లే. అక్కడ కాలువ తవ్వాలని డ్రోన్‌తో ఎత్తులు తీయించారు. నేను గీతలు తీస్తే పక్క చేను గుట్టలా లేచి కనిపించింది. కాలువను దాని చుట్టూ తిప్పి, సంతకం చేసి ఇచ్చేశాను.

సారు చూసి మండిపడ్డారు. "పాగల్ అయినవా? గక్కడ గుట్ట ఏడిది? గది నిలువెత్తు చెరుకు! డ్రోన్ చెరుకు కొసలు సూసింది, నేలను సూడలే. గా చేనే అన్నిటికన్న పల్లం. నువ్వు నీళ్లను ఇండ్లల్లకు తోల్తున్నవ్."

సిగ్గుతో చచ్చిపోయాను. చెరుకు కొట్టేదాకా ఆగి, ఆ వయసులో, ఆ ఎండలో, ఆయనే చేనంతా తిరిగి నేల కొలిచారు. ఆ కొలతలతో గీతలు మళ్లీ తీశాను. గుట్ట పోయి గుంట వచ్చింది. ఇద్దరం అధికారి దగ్గరికి వెళ్తే సెల్లులోంచి తలెత్తలేదు.

"పాసైన మ్యాపు మల్ల మారుస్తరా? ఇంట్ల కూసోక మీకు గీ చాదస్తమెందుకు పెద్దాయనా?"

బయటికొచ్చాక సారు, "ఆయనకు ఎరుక లేదు. నీకు ఎరుకే గద," అన్నారు నాతో. తెలిసీ నేనేం చేశాను? రెండు నెలలు నోరు మూసుకుని కూర్చున్నాను. అధికారి మీద ఎంత కోపముందో నా మీద అంతకు రెండింతలుంది.

సారును సాగనంపి వస్తూ ఆ చేను దగ్గర దిగాను. తవ్వకం కోసం సున్నంతో గీత పోశారు. లేని గుట్ట చుట్టూ వంపు తిరిగి కాలనీ మీదికి పోతోంది, అచ్చం నేను గీసినట్టే. మర్నాడు పొద్దున జేసీబీ వస్తుందట. ఆఫీసు గ్రూపులో సారు కొలతల మ్యాపు పెట్టి, "మొదటిది తప్పు. గీసింది నేనే. తవ్వకం ఆపండి," అని రాశాను. అంతటితో కోపం తీరక, చెప్పు కాలితో ఆ సున్నాన్ని రుద్ది రుద్ది చెరపసాగాను.

"ఓ అక్కా, గదెందుకు చెరుపుతున్నవ్?" కాలనీలోంచి ఒకామె కేకేసింది.

"నేను గీసిందే అక్కా. తప్పు గీసిన. గిట్ల తవ్వితే నీళ్లన్ని మీ ఇండ్లల్లకే."

"గిన్ని దినాలు ఏం జేసినవ్ మరి?" అని కసిరింది.

ఆమె ఇంట్లోకి పోయి పొరక తెచ్చి, అటు చివర నుంచి గీతను ఊడవడం మొదలుపెట్టింది.